ముద్దేనహళ్లి మనిషి.. నూరేళ్ల పని

బాగేపల్లి మీదుగా బెంగళూరు వెళ్లే మనవాళ్లకి నంది కొండ కొత్తేం కాదు. బస్సు చిక్కబళ్లాపురం దాటగానే కిటికీలోంచి కనిపిస్తుంది. ఆ కొండ నీడలోనే ముద్దేనహళ్లి అనే ఊరుంది. తాలూకా కేంద్రం నుంచి ఏడెనిమిది కిలోమీటర్లకి మించదు. ఇక్కడి చాలా ఊళ్లలో మాదిరిగానే ఇంట్లో ఓ భాష, బజారులో ఓ భాష. సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టింది ఈ ఊళ్లోనే. ఏటా సెప్టెంబరు 15న ఇంజినీర్ల దినోత్సవం అంటూ ఊరూరా ఆయన ఫొటోకి దండ వేస్తారు. మైసూరు పేటా, కళ్లద్దాలు, కోటు.. ఆ బొమ్మ అందరికీ తెలుసు. దాని వెనక మనిషి రోజు ఎలా గడిచేది, ఉద్యోగానికి ఎంత ఇచ్చాడు, ఒంటికి ఎంత ఇచ్చాడు, ఊరికి ఎంత ఇచ్చాడు అన్నది మాత్రం తెలిసినవాళ్లు తక్కువే.

పొద్దున్నే రైలెక్కి బెంగళూరు వెళ్లి, రాత్రి పిల్లలు నిద్రపోయాక ఇల్లు చేరే ఉద్యోగులు ఈ సరిహద్దు ఊళ్లలో వేలల్లో ఉన్నారు. పనికే టైము చాలదు, ఇక ఆరోగ్యం ఎక్కడ, సంఘసేవ ఎక్కడ అన్నది వాళ్ల మాట. అలాంటి వాళ్లకి ఈ ముసలాయన కథ కాస్త చిరాకు పుట్టించవచ్చు కూడా. మూడూ చేసి, నూరేళ్లు దాటి బతికాడు మరి. అయితే ఆ మూడూ ఆయనకి ఊరికే కుదరలేదు. కొన్ని పోగొట్టుకున్నాడు, ఒకచోట పంతానికి పోయి పదవీ వదులుకున్నాడు.

గిద్దలూరు వైపు నుంచి వచ్చిన ఇంటిపేరు

మోక్షగుండం అన్నది మన ప్రకాశం సీమ ఊరే. గిద్దలూరు వైపు, బేస్తవారిపేట దగ్గర ఉంటుంది. ఆ ఊరి పేరునే ఇంటిపేరు చేసుకుని పూర్వం వలస వచ్చిన తెలుగు ములకనాటి కుటుంబం వాళ్లది. తండ్రి శ్రీనివాసశాస్త్రి సంస్కృత పండితుడు. ఇంట్లో పుస్తకాలకి లోటు లేదుగానీ డబ్బుకి ఉంది. తల్లి వెంకటలక్ష్మమ్మ. 1861 సెప్టెంబరు 15న పుట్టాడని ఎక్కువ పుస్తకాల్లో ఉంటుంది, కొన్నింట్లో 1860 అంటారు. తపాలా శాఖ శతజయంతి స్టాంపు వేసింది 1960 సెప్టెంబరు 15న. ఆ రోజుకి ఆయన బతికే ఉన్నారు, తన బొమ్మ ఉన్న స్టాంపు తానే చూసుకున్నారు. ఈ దేశంలో అలాంటి అదృష్టం అతి కొద్దిమందికే దక్కింది.

చిక్కబళ్లాపురంలో చదువు మొదలైంది. చిన్నప్పుడే తండ్రి పోయారు. అక్కడి నుంచి మేనమామ ఆసరాతో బెంగళూరు. సెంట్రల్ కాలేజీలో చదువుతూనే ఒక కొడగు కుటుంబం పిల్లలకి ట్యూషన్లు చెప్పి ఖర్చులు వెళ్లదీసుకున్నారు. 1881లో బీఏ. ఆ తర్వాత మైసూరు సర్కారు ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో పుణె సైన్సు కాలేజీలో ఇంజినీరింగు. 1883లో పరీక్షలో మొదటి స్థానం తెచ్చుకోవడం, 1884లో బొంబాయి ప్రభుత్వ పనుల శాఖలో అసిస్టెంటు ఇంజినీరుగా చేరడం వెంటవెంటనే జరిగిపోయాయి. తొలి పోస్టింగు నాసిక్. ఒక సర్కారు స్కాలర్‌షిప్పు ఇచ్చి చదివిస్తే ఇంకో సర్కారు కొలువులో చేరాడని అప్పట్లో ఎవరైనా నొచ్చుకున్నారో లేదో గానీ, పాతికేళ్ల తర్వాత ఆ బాకీ వడ్డీతో సహా తీరింది.

నీళ్ల వంతు

విశ్వేశ్వరయ్య అనగానే అందరూ కన్నంబాడి ఆనకట్ట అంటారు. ఆయన పనితనం అసలు తెలిసేది అంతకుముందు మహారాష్ట్ర కాలువల దగ్గర. చెరువు కింద సేద్యం చేసే మన రైతులకి ఇది ఒక్క మాటలో అర్థమవుతుంది. కాలువ తల దగ్గర పొలం ఉన్నవాడు చెరుకు వేసి మునిగేట్టు నీళ్లు కడతాడు. చివరన ఉన్నవాడికి మడి తడవదు. పైన నీరు నిలిచి నేల చౌడుబారుతుంది, దోమలు పెరిగి ఊరంతా చలిజ్వరం. 1899లో దక్కను కాలువల మీద ఆయన బ్లాకు పద్ధతి తెచ్చారు. కాలువ కింద భూమిని బ్లాకులుగా విడగొట్టి, ఏ బ్లాకులో ఏ పంటకి ఎంత నీరో ముందే ఖాయం చేసి, పంట మార్పిడితో నీటిని ఎక్కువ ఊళ్లకి పంచడం దీని కిటుకు. మొదట రైతులు ఎదురుతిరిగారు. ఆఫీసులో కూర్చుని ఆర్డరు పంపకుండా, పొలాల్లోకి వెళ్లి వాళ్లని ఒప్పించే దాకా వదల్లేదు.

నాలుగేళ్లు గడిచాయి. 1903లో పుణె దగ్గర ఖడక్‌వాస్లా చెరువుకి ఆయన రూపొందించిన ఆటోమేటిక్ గేట్లు పెట్టారు. వరద వస్తే నీరు అలుగు మీదుగా పోతుంది, వేసవికి పట్నానికి కటకట. గట్టు ఎత్తు పెంచాలంటే పునాది సంగతి చూడాలి. ఈ గేట్లతో గట్టు జోలికి పోకుండానే కొన్ని అడుగుల నీరు ఎక్కువ నిలిచింది. నీరు ఒక మట్టం దాటితే తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి, తగ్గితే మూసుకుంటాయి. దానికి పేటెంటు తీసుకున్నారుగానీ, తన కొలువులో ఉండగా చేసిన పని మీద సర్కారు దగ్గర రాయల్టీ పుచ్చుకోలేదు. ఇవాళ చిన్న మొబైలు ప్రోగ్రాము రాసినవాడు కూడా హక్కులెవరివని అడిగే కాలంలో ఇది వింతగానే ఉంటుంది.

సింధులో సుక్కూరుకి మంచినీళ్లు, సూరత్‌కి మంచినీళ్లు, 1906లో ఎడారి రేవు ఏడెన్‌కి నీరూ మురుగుకాల్వల పథకం.. ఇలా ఊరూరా తిరిగారు. సెలవు దొరికితే ఏం చేసేవారనుకున్నారు? 1898లో సొంత ఖర్చుతో జపాన్ వెళ్లారు. వాళ్ల బడులు, ఫ్యాక్టరీలు చూసి నోట్సు రాసుకుని వచ్చారు. ఆ తర్వాత కూడా విదేశాలకి ఎన్నిసార్లు వెళ్లినా అదే తంతు. సెలవంటే పని మానేయడం కాదు, ఇంకో పని చూడటం అన్నమాట. ఇది అందరికీ సరిపడే పద్ధతి కాదు. ఇంట్లో భార్యాపిల్లలు ఎదురుచూసేవాళ్లకి అసలే కుదరదు. ఆయనకి కుటుంబ సుఖం అంతగా రాసిపెట్టి లేదు, పిల్లలు లేరు. తల్లి ఉన్నంతకాలం ఆమే ఆయనకి ఇల్లు.

47 ఏళ్లకే పదవీ విరమణ

1908 నాటికి బొంబాయి సర్కారులో పెద్ద హోదా. ఆపైన చీఫ్ ఇంజినీరు కుర్చీ ఉంది, కానీ అది తెల్లవాళ్లకే. ఇక్కడ ఇంకో పదేళ్లు కూర్చున్నా తేడా ఉండదని తేల్చుకుని 47 ఏళ్ల వయసులో రాజీనామా ఇచ్చేశారు. పింఛనుకి కావాల్సిన పాతికేళ్ల సర్వీసు పూర్తి కాలేదు. అయినా చేసిన పని చూసి పూర్తి పింఛను ఇచ్చారు. ఆ డబ్బుతో యూరప్ తిరగడానికి వెళ్లారు. అప్పుడే హైదరాబాదు నుంచి కబురు.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరం సగం కొట్టుకుపోయిన సంగతి మన పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చారు. వేలమంది చనిపోయారు. నిజాం ప్రభుత్వం పిలిస్తే 1909 ఏప్రిల్లో ఆయన హైదరాబాదు వచ్చారు. నగరంలో కరకట్ట కడితే చాలుననుకునే వాళ్లకి ఆయన చెప్పింది వేరు. వరదని పట్నంలో ఆపలేం, పట్నానికి రాకముందే ఆపాలి అన్నది సారం. ఎగువన వందల చెరువులు, అందులో ఎన్నో గట్లు తెగి ఒకదాని నీరు ఇంకోదాని మీద పడింది. ఆ లెక్కలన్నీ తీసి, మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టాలని, నది ఒడ్డున పార్కులు వేయాలని, ఊరికి భూగర్భ మురుగు కాల్వలు కావాలని రిపోర్టు ఇచ్చారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. హైదరాబాదు జనం గండిపేట నీళ్లు తాగారంటే అందులో ముద్దేనహళ్లి చెయ్యి ఉంది. కొన్ని నెలలే పనిచేసి వెళ్లినా, తర్వాత మురుగుకాల్వల పని కోసం మళ్లీ పిలిపించుకున్నారు.

1909 నవంబరులో మైసూరు చీఫ్ ఇంజినీరు. ఒప్పుకునే ముందు మైసూరు సర్కారుకి నిజంగా పరిశ్రమలు, టెక్నికల్ చదువుల మీద ఆసక్తి ఉందా అని ఆరా తీసి మరీ ఒప్పుకున్నారు. 1911లో కావేరి మీద కన్నంబాడి ఆనకట్ట మొదలైంది. కేజీఎఫ్‌లో మన తెలుగు కూలీలు, తమిళ కూలీలు దిగే బంగారు గనులకి కరెంటు శివసముద్రం నుంచి వెళ్లేది. 1902లో మొదలైన ఆ కరెంటుకి ఎండాకాలం నీరు చాలేది కాదు. ఆనకట్ట కడితే గనులకి కరెంటు, మండ్యకి సాగునీరు. సిమెంటు అప్పట్లో ఈ దేశంలో అంతగా దొరకదు. సున్నం, ఇటుక పొడి కలిపిన సుర్కీతోనే రాతి కట్టడం లేపారు. వేలమంది కూలీలు రాత్రీ పగలూ పనిచేశారు. చాలా ఊళ్లు నీట మునిగాయి, ఆ ఊళ్లవాళ్ల బాధ ఈ గొప్పతనం మధ్య ఎవరూ పెద్దగా రాయలేదు. మద్రాసు సర్కారు కావేరి నీటి గురించి పేచీ పెట్టింది, అది 1924 ఒప్పందం దాకా నడిచింది. ఆ తర్వాత కూడా ఎన్ని గొడవలు చూశామో హోసూరు, మండ్య వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. ఆనకట్ట పూర్తయ్యేసరికి 1930లు వచ్చేశాయి.

చుట్టాలకి తలుపు మూసిన దివాను

1912లో మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయరు ఆయన్ని దివానుని చేశారు. దివాను పదవి ఒప్పుకునే ముందు తల్లినీ దగ్గరి బంధువులనీ కూర్చోబెట్టి, ఎవరూ తన దగ్గరికి సిఫారసుతో రాకూడదని మాట తీసుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒక బంధువు ప్రమోషను అడిగితే అది ఇవ్వకుండా, ఆ తేడా కంటే ఎక్కువ సొమ్ము నెలనెలా తన జేబులోంచి ఇచ్చారని మరో కథ. సర్కారు కొవ్వొత్తి ఆర్పి సొంత కొవ్వొత్తి వెలిగించుకున్న కథ అయితే బడి పిల్లలకి కూడా తెలుసు. వీటిలో ఏది ఎంతవరకు నిజమో పక్కనపెట్టినా, ఇలాంటి కథలు అందరి మీదా పుట్టవు కదా.

ఆరేళ్లలో ఆయన చేసింది రాస్తే ఈ పేజీ చాలదు. 1913లో మైసూరు బ్యాంకు (2017లో స్టేట్‌బ్యాంకులో కలిసిపోయింది), 1915లో కన్నడ సాహిత్య పరిషత్తు, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగళూరు ఇంజినీరింగు కాలేజీ. గంధపు నూనె ఫ్యాక్టరీ, దాని వెంట మైసూరు శాండల్ సబ్బు. ఆ సబ్బు వాసన తెలియని ఇల్లు మన వైపు ఉంటుందా? ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టినవాడు కన్నడ సాహిత్య పరిషత్తుకి ప్రాణం పోశాడు. సరిహద్దులో బతికే మనకి ఇందులో వింతేం లేదు. ఎక్కడ తింటామో అక్కడి మాటకి సాయపడటం మన ఇళ్లలో ఉన్నదే.

ఊరి అభివృద్ధి సంఘాల పద్ధతి కూడా ఆయన రోజుల్లో వచ్చింది. ఊళ్లో వాళ్లే కొంత శ్రమ, కొంత డబ్బు వేసుకుంటే సర్కారు కొంత కలిపి బావో బడో దారో బాగుచేయడం. అంతా సర్కారే చేయాలనే అలవాటు మంచిది కాదని ఆయన గట్టిగా నమ్మారు.

1917లో బెంగళూరులో సెంచురీ క్లబ్బు పెట్టించడం ఈ జాబితాలో అందరూ వదిలేసే సంగతి. తెల్లవాళ్ల క్లబ్బులు తెల్లవాళ్లకే. మన ఉద్యోగులు సాయంత్రం ఆఫీసు నుంచి ఇంటికి, ఇంటి నుంచి ఆఫీసుకి తప్ప ఇంకో లోకం లేకుండా ఎండిపోతున్నారని ఆయనకి తోచింది. నలుగురు కలిసి ఆడుకోవడానికి, చదువుకోవడానికి, మాట్లాడుకోవడానికి ఒక చోటు కావాలని వందమంది సభ్యులతో మొదలుపెట్టించారు. పనిరాక్షసుడని పేరున్న మనిషి పక్కవాడి విశ్రాంతి గురించి ఆలోచించాడన్నది గుర్తుంచుకోవాలి.

రాజీనామా వెనక కథ

ఇంతవరకు అందరూ రాసేదే. ఆయన 1918లో ఎందుకు తప్పుకున్నారన్నది మాత్రం దండలు వేసే సభల్లో ఎవరూ ఎత్తరు. ఎత్తకపోతే కథ సగమే.

అప్పటి మైసూరులో బ్రాహ్మణులు జనాభాలో నూటికి నలుగురు కూడా లేరు. సర్కారు కొలువుల్లో మాత్రం పై నుంచి కింది దాకా వాళ్లే ఎక్కువ. 1917లో ప్రజామిత్ర మండలి ఏర్పడి మిగతా కులాల వాళ్లు మహారాజు దగ్గర మొరపెట్టుకున్నారు. 1918లో మహారాజు చీఫ్ జడ్జి లెస్లీ మిల్లర్ అధ్యక్షతన కమిటీ వేశారు. ఉద్యోగాల్లో వెనకబడిన వర్గాలకి వాటా ఎలా ఇవ్వాలో తేల్చమన్నారు. దివానుకి ఇది నచ్చలేదు. అర్హత చూడాలిగానీ కులం చూడకూడదు, ముందు చదువు అందరికీ అందిస్తే కొలువులు వాటంతట అవే వస్తాయి అన్నది ఆయన వాదం. మహారాజు వినలేదు. ఏడాది చివర ఆయన తప్పుకున్నారు. రాజీనామా ఇవ్వడానికి సర్కారు కారులో వెళ్లి, తిరిగి సొంత కారులో ఇంటికి వచ్చారని చెబుతారు.

ఇక్కడ మన తెలుగువాళ్లకి తెలియాల్సిన తమాషా ఒకటుంది. ఆ గొడవలో అవతలి పక్షానికి ఆలోచన అందించిన వాళ్లలోనూ ఒక తెలుగాయన ఉన్నారు. చిత్తూరు సీమ కట్టమంచి రామలింగారెడ్డి. అప్పట్లో ఆయన మైసూరు విద్యాశాఖలో ఉన్నారు. మైసూరు విశ్వవిద్యాలయం పథకంలో చెయ్యి వేశారు, అంటరానివాళ్ల పిల్లలకి సర్కారు బడి తలుపులు తెరవాలని పట్టుబట్టారు, బ్రాహ్మణేతర ఉద్యమానికి అండగా నిలిచారు. తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షుడైనది ఆయనే. ఒకే దర్బారులో ఇద్దరు తెలుగువాళ్లు, ఇద్దరూ చదువుని నమ్మినవాళ్లే, దారులు మాత్రం రెండు.

1919లో మిల్లర్ కమిటీ రిపోర్టు ఇచ్చింది. ఏడేళ్లలో పై ఉద్యోగాల్లో సగమైనా, కింది ఉద్యోగాల్లో మూడింట రెండు వంతులైనా మిగతా వర్గాలకి రావాలంది. 1921లో సర్కారు ఉత్తర్వు వేసింది. ఈ విషయంలో మహారాజు చేసిందే సబబని ఈ విలేకరి అభిప్రాయం. తన చుట్టాలకి తలుపు మూయగలిగినంత నిజాయతీ ఉన్న దివాను, ఆ తలుపు మిగతా వాళ్లకి ఎప్పటినుంచో మూసే ఉందన్న సంగతి చూడలేకపోయారు. చదువు ముందు, కొలువు తర్వాత అంటే ఇంకో రెండు తరాలు ఆగమన్నట్టే. కోలారు, చిక్కబళ్లాపురం జిల్లాల్లో ఇవాళ ఆఫీసుల్లో కూర్చున్న చాలామంది తాతలు ఆ ఉత్తర్వు వల్లే మొదటిసారి జీతం ముఖం చూశారు. కాదనేవాళ్లు ఉంటారు, ఉండనివ్వండి. పదవి కోసం మాట మార్చుకోలేదని మాత్రం ఎవరైనా ఒప్పుకోవాలి.

భద్రావతి జీతం

57 ఏళ్లకి పదవి పోయింది. పింఛను ఉంది. ఇంట్లో కూర్చోవచ్చు. ఆయన కూర్చోలేదు. ఊళ్లు తిరిగారు, 1920లో భారత పునర్నిర్మాణం మీద ఇంగ్లీషులో పుస్తకం వేశారు. ఇంతలో భద్రావతి ఇనుము ఫ్యాక్టరీ కష్టాల్లో పడింది. ఆయన దివానుగా ఉండగా తలపెట్టిందే. 1923లో కొలిమి వెలిగేసరికి యుద్ధం అయిపోయి ఇనుము ధర పడిపోయింది. సొమ్మంతా నీళ్లలో పోసినట్టేనని విమర్శలు. తనని పంపేసిన సర్కారే వచ్చి చేపట్టమంటే, ఆయన పాత సంగతులు తవ్వకుండా ఒప్పుకున్నారు. అడవి ప్రాంతం, మలేరియా. 61 దాటిన వయసులో అక్కడికి తిరుగుతూ, ఖర్చులు తగ్గిస్తూ, మనవాళ్లకి పని నేర్పిస్తూ 1929 దాకా నడిపారు. ఫ్యాక్టరీ నిలదొక్కుకుంది. తర్వాతి రోజుల్లో దానికి ఆయన పేరే పెట్టారు.

ఆ ఆరేళ్ల పనికి రావాల్సిన ప్రతిఫలం ఆయన పుచ్చుకోలేదు. సర్కారు లెక్కతేల్చి ఇస్తామంటే, ఆ డబ్బుతో కుర్రాళ్లకి చేతిపని నేర్పే సంస్థ పెట్టమన్నారు. 1943లో బెంగళూరులో అలా వచ్చిందే జయచామరాజేంద్ర ఆక్యుపేషనల్ ఇన్‌స్టిట్యూట్, ఇప్పటి ఎస్‌జే పాలిటెక్నిక్. డబ్బు ఆయనది, పేరు మహారాజుది. డిగ్రీ చదివే స్థోమత లేని పిల్లలు ఫిట్టర్లుగా, ఎలక్ట్రీషియన్లుగా, రేడియో మెకానిక్కులుగా తయారై బెంగళూరు ఫ్యాక్టరీల్లోకి వెళ్లారు. మన అనంతపురం, హిందూపురం వైపు నుంచి బెంగళూరు పోయి డిప్లొమా చేసి స్థిరపడిన ఇళ్లు ఎన్ని లేవు!

ఒంటి లెక్క

ఇక ఆరోగ్యం. నూరేళ్లు ఎలా బతికారని ఆయన్ని అడగనివాడు లేడు. దానికి మందూ మాకూ ఏం చెప్పలేదు. మితంగా తినడం, రోజూ నడవడం, టైముకి పడుకోవడం, టైముకి లేవడం, చేతినిండా పని పెట్టుకోవడం, పనిని గురించి అనవసరంగా కంగారు పడకపోవడం.. ఇంతే. శాకాహారి, మందు ముట్టరు. విస్తట్లో ఇంకో ముద్ద తినాలనిపించినప్పుడే చెయ్యి కడిగేసుకునే రకం.

ఆయన రోజు గడియారంతో నడిచేది. కలవడానికి వచ్చినవాడు ముందొచ్చినా కూర్చోవాల్సిందే, ఆలస్యమైతే వెనక్కే. ఇంట్లో ఉన్నా, ఎవరూ రాకపోయినా పొద్దున్నే స్నానం చేసి సూటు, పేటా వేసుకుని బల్ల దగ్గర కూర్చునేవారు. తొంభై దాటాక కూడా అంతే. చిన్న సభలో రెండు ముక్కలు మాట్లాడాలన్నా ముందే రాసుకుని, దిద్దుకుని వెళ్లేవారు. కొందరికి ఇది చాదస్తంగా అనిపించింది. ఆయన కింద పనిచేసినవాళ్లు కొంత భయపడేవారు కూడా. నవ్వించి మాట్లాడే మనిషి కాదు. కానీ ఈ పద్ధతిలోనే ఓ సుళువు ఉంది. ఎప్పుడు ఏం చేయాలో ముందే తేలిపోతే, మిగతా సమయంలో మనసుకి బరువుండదు. రాత్రి పదింటికి ఆఫీసు ఫోను మోగుతుందేమోనని గుండె పట్టుకుని కూర్చునే వాళ్లకి ఆ సుళువు విలువ తెలుస్తుంది.

ఇందులో ఒక్క మాట మరిచిపోకూడదు. వంటచేసి పెట్టడానికి మనిషి, కారు, పింఛను ఆయనకి ఉన్నాయి. నూలుమిల్లులో రాత్రి షిఫ్టు చేసేవాడికి టైముకి పడుకోమని చెప్పడం తేలిక. అందుకే కాబోలు ఆయన చివరి రోజుల్లో ఊళ్లలోనే చిన్న పరిశ్రమలు రావాలని పట్టుకున్నారు. జనం పట్నాలకి పరుగెత్తకుండా నాలుగైదు ఊళ్లు కలిసి తమకి కావాల్సినవి తామే తయారుచేసుకోవాలన్న పథకం అది. 1949 ప్రాంతంలో మైసూరు రాష్ట్రంలో మొదలుపెట్టించారు. తొంభైకి దగ్గరపడిన మనిషి చేయాల్సిన పనేనా అది? మనకేమోగానీ ఆయనకి అవును.

ఒడిశా వరద, మొకామా వంతెన

1937లో మహానది పొంగి ఒడిశా డెల్టా మునిగింది. అక్కడి సర్కారు సలహా అడిగింది ఈ 76 ఏళ్ల ముసలాయన్నే. మూసీ దగ్గర చెప్పినదే పెద్ద ఎత్తున చెప్పారు. డెల్టాలో కరకట్టలు ఎంత ఎత్తు పెంచినా లాభం లేదు, ఎగువన జలాశయాలు కట్టి వరదని పట్టి ఉంచాలి, ముందు నది లెక్కలన్నీ తీయాలి అని. హీరాకుడ్ ఆలోచనకి అదే బీజమైంది. 1957లో ఆ ఆనకట్ట ప్రారంభమైనప్పుడు ఆయన బతికే ఉన్నారు.

తొంభై దాటాక ఇంకో పిలుపు. బీహారులో గంగ మీద రైలు, రోడ్డు రెండూ పోయే వంతెన ఎక్కడ కట్టాలన్నది తెగడం లేదు. ప్రతి ఊరి నాయకుడికీ తన ఊరి దగ్గరే కావాలి. మహా ఎండల్లో అక్కడికి వెళ్లి చూసి, మొకామా దగ్గర అని తేల్చారు. 1959లో ఆ వంతెన మీద రైలు నడిచింది.

1955లో భారతరత్న ఇచ్చారు. బిరుదు ఇచ్చినంత మాత్రాన సర్కారు విధానాలను మెచ్చుకోవాల్సి వస్తుందేమోనని ముందే నెహ్రూకి ఉత్తరం రాశారని, ఆ భయం అక్కర్లేదని ఆయన జవాబిచ్చారని చెబుతారు. అంతకుముందు 1915లో బ్రిటిష్ వాళ్లు సర్ బిరుదు ఇచ్చారు. రెండు రాజ్యాల బిరుదులూ ఒకే గోడ మీద ఉన్నాయి.

1962 ఏప్రిల్లో బెంగళూరులో కన్నుమూశారు. దహనం ముద్దేనహళ్లిలోనే జరిగింది. ఆయన కోరిక అదే. అక్కడ స్మారకం కట్టారు. పుట్టిన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. భారతరత్న పతకం, కళ్లద్దాలు, వాడిన కప్పులు, అంచుల్లో ఆయన చేతిరాత ఉన్న పుస్తకాలు, కృష్ణరాజసాగర నమూనా చూడొచ్చు. అక్షరాలు దిద్దిన చోటుని ఊరివాళ్లు చిన్న గుడిలా చేసుకున్నారు. విజిటింగ్ కార్డులు అచ్చువేయించిన బ్లాకు కూడా భద్రంగా ఉంది. చిక్కబళ్లాపురంలో దిగితే ఆటోలు దొరుకుతాయి. నంది కొండకి వెళ్లేవాళ్లు ఓ గంట ముందు బయల్దేరితే రెండూ చూసి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు.